కార్బురేటర్ వెనక కడ్డీ



యంత్రాల్లో కొన్ని భాగాలకు పేరు ఒకటి, చేసే పని మరొకటి. పేరు విని పని కూడా అంతే కదా అనుకుంటే బండికి మోసం వస్తుంది. అలాంటి ఒక భాగాన్ని గురించి ఇవాళ చెప్పుకుందాం. అమెరికాలో తయారైన పాత ఆరు సిలిండర్ల కార్లలో, కార్బురేటర్ దగ్గర మొదలై ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దాకా సాగే సన్నని ఇనుప కడ్డీ అది. దానికి అక్కడివాళ్లు పెట్టుకున్న వాడుక పేరు కిక్‌డౌన్ కడ్డీ. కార్బురేటర్ మార్చినప్పుడు ఈ కడ్డీని కొత్తదానికి ఎలా కలపాలి, కలపకుండా వదిలేస్తే ఏమవుతుంది అన్నది ఈనాటి విషయం.

అమెరికా కారు సంగతి మనకెందుకని మీకు అనిపించవచ్చు. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1940 దశకం చివరి నుంచి క్రైస్లర్ కంపెనీవారి డాడ్జి, ప్లిమత్ కార్లను, ఫార్గో లారీలను మన దేశంలో బిగించి అమ్మింది. ఫార్గో పేరు చెబితే మన పెద్దవాళ్లలో కొందరికి ఇప్పటికీ ఆ హారన్ మోత చెవుల్లో మోగుతుంది. వాటిలో ఎక్కువ భాగం చేత్తో గేర్లు మార్చే బళ్లు. అదే క్రైస్లర్ కంపెనీ తన దేశంలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టి అమ్మిన కార్ల కథ ఇది. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఇవాళ షెడ్డు నడుపుతున్న మెకానిక్ ముందుకు కూడా ఆటోమేటిక్ బండి వచ్చి నిలబడుతూనే ఉంది. పాత బండిలో కంటికి కనిపించే ఈ కడ్డీ పని తెలిస్తే, కొత్త బండిలో కంటికి కనపడని పని కూడా తేలిగ్గా బోధపడుతుంది.

ముందుగా ఇంజన్‌ను చూద్దాం. 1960 మోడల్‌గా వచ్చిన వేలియంట్ కారులో క్రైస్లర్ కంపెనీ ఒక కొత్త ఇంజన్ పెట్టింది. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి గాని నిటారుగా ఉండవు, 30 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటాయి. అందుకే దాన్ని స్లాంట్ సిక్స్ అన్నారు, అంటే ఒరిగిన ఆరు. ఇలా ఒరగడం వల్ల బానెట్ ఎత్తు తగ్గింది, పక్కన కార్బురేటర్‌కూ గాలి గొట్టాలకూ చోటు దొరికింది. మొదట 170 ఘనపు అంగుళాలది, 225 ఘనపు అంగుళాలది వచ్చాయి. మన లెక్కలో చిన్నది దాదాపు 2.8 లీటర్లు, పెద్దది దాదాపు 3.7 లీటర్లు. మొరటుగా వాడినా తట్టుకుంటుందని దీనికి పేరు. 1983 దాకా కార్లలోనూ, ఆ తర్వాత 1987 దాకా లారీలు, వ్యాన్లలోనూ ఇది కొనసాగింది. దీనికి జోడీగా వచ్చిన మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పేరు టార్క్‌ఫ్లైట్, నంబరు ఎ-904.

ఈ ఇంజన్‌కు ఎక్కువగా ఉండేది ఒక నోరున్న కార్బురేటర్. అరవై ఏళ్లు దాటిన బండిలో అది అరిగిపోతుంది. దాని బదులు దొరికినదేదో పెట్టుకునేవారు కొందరు, రెండు నోళ్లదో నాలుగు నోళ్లదో పెట్టి బలం పెంచుకోవాలనుకునేవారు కొందరు. కొత్త కార్బురేటర్ బిగుస్తుంది, పెట్రోలు గొట్టం కలుస్తుంది, యాక్సిలరేటర్ తీగ కూడా ఎలాగో తగులుకుంటుంది. చివరికి చేతిలో ఈ కడ్డీ ఒక్కటి మిగులుతుంది. కొత్త లీవరుకు దాని కన్నం ఉండదు. ‘కిక్‌డౌనే కదా, గట్టిగా తొక్కినప్పుడు గేరు కిందికి పడడానికి. అది లేకపోతే పోయిందేముంది’ అని దాన్ని విప్పి మూలన పడేస్తారు. గేర్‌బాక్స్ నాశనం అక్కడ మొదలవుతుంది.

ఎందుకో తెలియాలంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. అందులో మన కాలి కింద క్లచ్ పెడల్ ఉండదు గాని, లోపల క్లచ్ ప్లేట్లు ఉంటాయి, బిగించే పట్టీలు ఉంటాయి. వాటిని నొక్కి పట్టేది నూనె ఒత్తిడి. ఆ ఒత్తిడి ఎంత ఉండాలి అన్నదే అసలు ప్రశ్న.

బావి దగ్గర నీళ్లు తోడడం గుర్తుచేసుకోండి. ఖాళీ బొక్కెన అయితే చాంతాడును వదులుగా పట్టుకున్నా చాలు. నిండు బొక్కెన పైకి లాగేటప్పుడు పిడికిలి బిగించాలి. బరువుకు తగ్గ పట్టు లేకపోతే తాడు జారుతుంది, జారిన తాడు అరచేతిని కాల్చేస్తుంది. క్లచ్ ప్లేట్లదీ అదే గతి. ఇంజన్ మెల్లగా లాగుతున్నప్పుడు కొద్దిపాటి పట్టు చాలు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, కాలు గట్టిగా తొక్కినప్పుడు పట్టు పెరగాలి. పెరగకపోతే ప్లేట్లు జారుతాయి, జారి కాలిపోతాయి.

మరి ఎప్పుడూ గట్టిగానే పట్టుకుంటే సరిపోదా? సరిపోదు. అప్పుడు ప్రతి గేరు మార్పుకూ బండి అదురుతుంది, పంపు అనవసరంగా శ్రమపడుతుంది. అందుకే అవసరాన్ని బట్టి ఒత్తిడి మారాలి. టార్క్‌ఫ్లైట్ మరమ్మతు పుస్తకం చెప్పే పరీక్షలో, కడ్డీ లీవరు మొదట్లో ఉన్నప్పుడు ఒత్తిడి చదరపు అంగుళానికి 54 నుంచి 60 పౌన్లు ఉండాలి. లీవరును చివరి దాకా జరిపితే అది క్రమంగా పెరిగి 90 నుంచి 96 పౌన్లకు చేరాలి. కారు టైరులో మనం పట్టే గాలి దాదాపు 30 పౌన్లు. దానితో పోల్చి చూస్తే ఇది ఎంతటి పట్టో, మొదటికీ చివరికీ ఎంత తేడానో తెలుస్తుంది.

ఇంజన్ మీద ఇప్పుడు బరువు పడుతోందని గేర్‌బాక్స్‌కు కబురు మోసేది ఎవరు? మనం మూలన పడేసిన ఆ కడ్డీయే. దానికి ఒకటి కాదు, మూడు పనులు. మొదటిది, ఇప్పుడు చెప్పుకున్న ఒత్తిడి పెంచడం. రెండోది, గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించడంలో పాలు పంచుకోవడం. గేర్‌బాక్స్ లోపల ఒక తక్కెడ ఉందనుకోండి. ఒక పళ్లెంలో బండి వేగం, మరో పళ్లెంలో మీ కాలి తొక్కుడు. వేగం పళ్లెం బరువెక్కితే గేరు పైకి మారుతుంది. కాలు బలంగా తొక్కి ఉంటే ఆ పళ్లెం తూగడానికి ఇంకా వేగం కావాలి, కాబట్టి గేరు ఆలస్యంగా మారుతుంది. మూడోది, పెడల్‌ను నేలకు తగిలేలా తొక్కినప్పుడు గేరును కిందికి దించడం. దీన్నే కిక్‌డౌన్ అంటారు. మూడు పనుల్లో ఆఖరిదీ, అప్పుడప్పుడు మాత్రమే అవసరమయ్యేదీ ఇదే. కడ్డీకి పేరు మాత్రం దీనిదే స్థిరపడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చూడడానికి ఇలాంటి కడ్డీయే ఉన్నా, అన్ని కంపెనీల గేర్‌బాక్సులూ ఒకేలా పనిచేయవు. ఫోర్డు వారి సి-4 గేర్‌బాక్స్ ఉంది. ఆరు సిలిండర్ల ఫోర్డు కార్లలో అది చాలానే వచ్చింది. అందులో ఇంజన్ బరువును గుర్తించేది ఇంజన్ నుంచి వచ్చే ఒక సన్నని వాక్యూమ్ గొట్టం. కడ్డీ పని నిజంగానే కిక్‌డౌన్ ఒక్కటే. అది లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు గేరు దిగదు, అంతవరకే నష్టం. కాని ఆ వాక్యూమ్ గొట్టం ఊడితే గేర్ల మార్పు మొత్తం చెడుతుంది. జనరల్ మోటార్స్ వారి టర్బో 350 కూడా ఈ కోవలోదే, అందులో కడ్డీ బదులు కేబుల్ ఉంటుంది. అదే జనరల్ మోటార్స్ 1982లో తెచ్చిన నాలుగు గేర్ల 700-ఆర్4 లో మళ్లీ కథ మారింది. అందులో కేబుల్‌ది టార్క్‌ఫ్లైట్ కడ్డీలాగే ఒత్తిడి పని. దాన్ని సరిగా పెట్టకుండా బండి నడిపి గేర్‌బాక్సులు కాల్చుకున్నవారు ఎందరో. అమెరికన్ మోటార్స్ వారి ఆరు సిలిండర్ల బళ్లకు 1972 నుంచి క్రైస్లర్ గేర్‌బాక్సే పెట్టారు కాబట్టి అక్కడ టార్క్‌ఫ్లైట్ సూత్రమే వర్తిస్తుంది. కనుక పానా చేతపట్టే ముందు మొదటి ప్రశ్న ఇది: ఈ గేర్‌బాక్స్‌కు ఇంజన్ బరువు సంగతి దేని ద్వారా తెలుస్తోంది?

ఇక కొత్త కార్బురేటర్‌కు కడ్డీని అమర్చే సంగతి. పాత జీపు బానెట్ ఎత్తి చూసినవారికి తెలుసు, పెడల్ నుంచి కార్బురేటర్ దాకా కడ్డీలు, మధ్యలో తిరిగే లీవర్లు ఎలా ఉంటాయో. ఇక్కడా అంతే. కార్బురేటర్ లీవరు తిరిగితే కడ్డీ కదులుతుంది, గేర్‌బాక్స్ ఎడమ పక్కన ఉన్న చిన్న లీవరు ముందు నుంచి వెనక్కి జరుగుతుంది. కాలు తీసినప్పుడు ఆ లీవరు ముందు అడ్డుకు ఆని ఉండాలి. కార్బురేటర్ పూర్తిగా తెరుచుకునేసరికి అది వెనక చివరకు చేరాలి. రెండు కొసలూ కలవాలి, మధ్యలోనూ రెండూ కలిసే నడవాలి. పని మొత్తం ఈ ఒక్క మాటలోనే ఉంది.

కొసలు కలవకపోవడానికి మొదటి కారణం లీవరు పొడవు. ఇరుసు నడిమి నుంచి కడ్డీ తగిలే కన్నం దాకా ఉన్న దూరాన్ని లీవరు పొడవు అనుకుందాం. ఒక పాత కార్బురేటర్‌లో అది 40 మిల్లీమీటర్లు అనుకోండి. లీవరు 80 డిగ్రీలు తిరిగితే ఆ కన్నం సూటిగా దాదాపు 51 మిల్లీమీటర్లు జరుగుతుంది. కొత్తదానిలో ఆ దూరం 30 మిల్లీమీటర్లే ఉంటే, అదే 80 డిగ్రీలకు జరిగేది దాదాపు 39 మిల్లీమీటర్లు. అంటే కాలు పూర్తిగా తొక్కినా గేర్‌బాక్స్ లీవరు ముప్పాతిక దారిలోనే ఆగిపోతుంది. ఇంజన్ బలమంతా చూపిస్తున్న సమయంలో పిడికిలి మాత్రం ముప్పాతిక వంతే బిగుస్తుంది. కడ్డీ పొడవు మార్చి దీన్ని సరిచేయలేరు. ఒక కొసన సరిచేస్తే రెండో కొసన తప్పుతుంది. దీనికి మందు ఒక్కటే. కొత్త లీవరుకు గట్టి ఇనుప పలక జోడించి, పాత దూరంలోనే కొత్త కన్నం వేయాలి. దూరం ఎక్కువైనా చిక్కే. గేర్‌బాక్స్ లీవరు ముందే చివరకు చేరి అడ్డుపడుతుంది, కార్బురేటర్ పూర్తిగా తెరుచుకోదు, బలవంతంగా తొక్కితే కడ్డీ వంగుతుంది.

రెండో కారణం కోణం. సైకిల్ పెడల్ సరిగ్గా పైన నిలువుగా ఉన్నప్పుడు కిందికి తొక్కితే చక్రం కదలదు. కాస్త ముందుకు వచ్చాకే బలం అందుతుంది. కార్బురేటర్ లీవరూ కడ్డీ ఒకే గీతలో ఉంటే ఇదే జరుగుతుంది. లీవరు కొంత తిరిగేదాకా కడ్డీ దాదాపు కదలదు. ఈలోగా ఇంజన్ లాగడం మొదలుపెడుతుంది, ఒత్తిడి మాత్రం వెనకబడుతుంది. అందుకని పాత కార్బురేటర్‌లో కాలు తీసినప్పుడు కన్నం ఏ వైపు, ఎంత వాలుగా ఉందో కొత్తదానిలోనూ అలాగే ఉండాలి. సగం దారిలో లీవరూ కడ్డీ అడ్డంగా, మూల మట్టానికి వచ్చేలా ఉంటే కదలిక సమంగా సాగుతుంది.

కొన్ని కార్బురేటర్లలో లీవరు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అప్పుడు మధ్యలో మరో తిరుగుడు లీవరు పెట్టి దిక్కు మార్చుకోవాలి. దాని రెండు చేతులూ సమానంగా ఉంటే కదలిక దూరం మారదు.

కాబట్టి పాత కార్బురేటర్ విప్పే ముందు చేయవలసిన పని ఒకటుంది. కాలు తీసినప్పుడు, పూర్తిగా తొక్కినప్పుడు కన్నం ఎక్కడెక్కడ ఉందో ఫోటో తీసుకోండి. ఇరుసు నుంచి దూరం కొలిచి రాసుకోండి. గేర్‌బాక్స్ లీవరు ఎంత జరుగుతోందో కూడా కొలవండి. విప్పాక ఈ కొలతలు ఎవరూ చెప్పలేరు. కీళ్ల దగ్గర బుష్‌లు అరిగి ఉంటే ముందు వాటిని మార్చండి. కీలు కీలుకూ కొంచెం చొప్పున లూజు కలిసి, గేర్‌బాక్స్ దగ్గరకు వచ్చేసరికి చాలా దూరాన్ని మింగేస్తుంది.

అమర్చాక సరిచూసే పద్ధతి ఇది. ఇంజన్ ఆపి ఉండాలి, తాళం తీసి ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి. చోక్ వల్ల లీవరు కొంచెం తెరుచుకుని ఉంటే లెక్క తప్పుతుంది, అందుకని దాన్ని వదిలించి కార్బురేటర్ పూర్తిగా మూసుకునేలా చూడాలి. సర్దుబాటు మర వదులు చేసి, గేర్‌బాక్స్ లీవరును ముందు అడ్డుకు ఆనేలా నెట్టి పట్టుకుని, కడ్డీలో ఆట లేకుండా మర బిగించాలి. తర్వాత ఒకరు లోపల కూర్చుని పెడల్ మెల్లగా నేలదాకా తొక్కాలి. మరొకరు చూడాలి. కార్బురేటర్ కదలగానే గేర్‌బాక్స్ లీవరూ కదిలిందా? కార్బురేటర్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు అది చివరకు చేరిందా? చేతితో కార్బురేటర్ లీవరు తిప్పి చూసి సరిపెట్టుకోకండి. నేల మీద తివాచీ అడ్డుపడో, తీగ సాగో, పెడల్ తొక్కినప్పుడు సంగతి వేరుగా ఉండవచ్చు.

ఆ తర్వాత రోడ్డు చెబుతుంది. కాలు తేలికగా పెట్టి నడిపినప్పుడు గేర్లు త్వరగా, మెత్తగా మారాలి. గట్టిగా తొక్కితే ఆలస్యంగా, స్థిరంగా మారాలి. ఎంత తొక్కినా గేర్లు గబగబా పైకి ఎక్కేస్తున్నా, రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి గొంతు పెంచి అరిచినా ఒత్తిడి తక్కువైందని గుర్తు. ప్లేట్లు జారుతున్నాయి. అక్కడే బండి ఆపి సరిచేయండి. తేలికగా నడిపినా గేరు ఆలస్యంగా మారుతూ బండి అదురుతుంటే ఒత్తిడి ఎక్కువైంది. ఈ రెండు తప్పుల్లో రెండోది ప్రయాణాన్ని మొరటు చేస్తుంది, మొదటిది గేర్‌బాక్స్‌నే తినేస్తుంది. కచ్చితంగా తెలియాలంటే గేర్‌బాక్స్‌కు ఉన్న ప్లగ్గు తీసి ప్రెషర్ గేజ్ తగిలించి, ఇందాక చెప్పిన అంకెలతో పోల్చుకోవాలి. గూల్చే నూనె రంగు కూడా సాక్ష్యమే. మంచి నూనె ఎర్రగా ఉంటుంది. నల్లబడి కాలిన వాసన వస్తుంటే ప్లేట్లు అప్పటికే దెబ్బతిన్నాయి.

కడ్డీ బదులు కేబుల్ వాడేవారూ ఉన్నారు. ఇరుకు చోట అది సుళువే. కాని కేబుల్ తొడుగును ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో బిగించాలి, బండి గోడకు కాదు. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది. ఒక కొస గోడకు ఉంటే ఊగిన ప్రతిసారీ కొలత మారుతుంది. స్లాంట్ సిక్స్‌లో గాలి గొట్టాలూ పొగ గొట్టాలూ ఒకే పక్కన ఉంటాయి కాబట్టి, కేబుల్ ఆ వేడికి దూరంగా, పదునైన మలుపులు లేకుండా సాగాలి.

చివరగా ప్రాణాలకు సంబంధించిన మాట. గేర్‌బాక్స్ పోతే డబ్బు పోతుంది. యాక్సిలరేటర్ తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోతే మనిషి పోతాడు. మనం జోడించిన పలక, కొత్త కీలు, కొత్త కడ్డీ ఇవన్నీ ఎక్కడైనా చిక్కుకోవడానికి అవకాశం ఇస్తాయి. లీవరు పూర్తిగా తెరుచుకున్నప్పుడు కీలు గీత దాటి అవతలి వైపుకు మడతపడకూడదు. పడితే స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగలేదు. ఎయిర్ ఫిల్టర్ బిగించాక మరోసారి చూడండి. అది లేనప్పుడు స్వేచ్ఛగా తిరిగిన లీవరు, అది వచ్చాక దాని అంచుకు తగలవచ్చు. వెనక్కి లాగే స్ప్రింగులు రెండు ఉండాలి. ఒకటి తెగినా రెండోది మూసేయాలి. పిన్నులకు లాక్ పెట్టకుండా తీగ ముక్క చుట్టి వదలకండి. ఇంజన్ నడుస్తూ, గేరులో ఉన్న బండి కిందికి ఎవరూ దూరకండి.

ఈ రోజుల్లో వచ్చే ఆటోమేటిక్ కార్లలో ఈ కడ్డీ లేదు. దాని స్థానంలో పెడల్ దగ్గర, ఇంజన్ దగ్గర చిన్న సెన్సర్లు ఉన్నాయి, వైర్లు ఉన్నాయి, లెక్క వేసే కంప్యూటర్ ఉంది. అవి మోసే కబురు మాత్రం పాతదే: డ్రైవరు ఎంత తొక్కాడు, ఇంజన్ మీద ఎంత బరువు పడుతోంది. ఇంజన్ పక్కన ఊడిన ఒక చిన్న వైరు ప్లగ్గు వల్ల గేర్లు గతుకుతున్న బండి మీ షెడ్డుకు వస్తే, గేర్‌బాక్స్ దించే ముందు ఆ కబురు అందుతోందో లేదో చూడండి. అనవసరంగా గేర్‌బాక్స్ విప్పే ఖర్చు బండి యజమానికి తప్పుతుంది, మీ మాట మీద అతనికి నమ్మకమూ పెరుగుతుంది.